తమ్ముడిది లెవెల్ 70, నాది 23. ఈ పందుల వేట ఇంకెన్నాళ్లు?

గాజువాక నుంచి ఓ పాఠకురాలు చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 34, ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం, ఆరేళ్ల పాప. భర్త ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల మీద పనిచేస్తారు. మూడు వారాలకోసారి ఆయనకి సి షిఫ్టు (రాత్రి డ్యూటీ) పడ్డ వారం, రాత్రి ఆయన డ్యూటీకి వెళ్లాక, పాపను పడుకోబెట్టి, ఒక చెవిలో మాత్రమే ఇయర్‌ఫోన్ పెట్టుకుని (పాప లేస్తే రెండో చెవికి వినపడాలి కదా) ల్యాప్‌టాప్ తెరుస్తారు. పదింబావు నుంచి పదకొండున్నర దాకా ఆవిడ సొంత టైము.

ఆ టైములో ఆడేది ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆట. ఓ పాత్రని తయారుచేసుకుని, వేలమంది ఒకేసారి తిరిగే కల్పిత లోకంలోకి దిగి, రాక్షసుల్ని కొడుతూ, ఊళ్లోవాళ్లు అప్పజెప్పిన పనులు చేస్తూ లెవెల్ పెంచుకునే ఆట. ఇందులోకి దింపింది తమ్ముడు. రెండేళ్ల కిందట ఉద్యోగానికి డబ్లిన్ వెళ్లాడు. మొదట్లో రోజూ వీడియో కాల్, తర్వాత ఆదివారాలు మాత్రం, ఆ తర్వాత "తిన్నావా", "తిన్నా", "చలిగా ఉందా", "ఉంది". ఇద్దరికీ మాటలు కరువయ్యాయి. "అక్కా, నేనాడే ఆటలోకి నువ్వూ వచ్చేయ్. చిన్నప్పుడు ఒక్క రిమోట్ కోసం కొట్టుకునేవాళ్లం, ఇప్పుడు ఎవరిది వాళ్లకే ఉంటుంది" అన్నాడట. వెళ్లారు. గాయాలు మాన్పే మంత్రగత్తె పాత్ర తీసుకున్నారు. మొదటి నెల పండగలా గడిచింది.

తర్వాత మొదలైంది చిక్కు. తమ్ముడిది లెవెల్ 70, ఈవిడది 23. వాడు తిరిగే చోటికి ఈవిడ వెళితే అక్కడి జంతువు ఒక్క దెబ్బకి చంపేస్తుంది. ఈవిడ తిరిగే చోటికి వాడొస్తే వాడి ఒక్క దెబ్బకి అన్నీ చచ్చిపోతాయి, ఈవిడకి చెయ్యడానికేమీ మిగలదు. అందుకని ఒక్కరే కూర్చుని లెవెల్ పెంచుకుంటున్నారు. ఆటలో ఓ పల్లెటూరి వైద్యుడు 20 అడవి పంది కోరలు తెమ్మన్నాడు. మూడు పందుల్ని చంపితే ఒకదానికి కోర దొరుకుతోంది. "మిగతా రెండింటికి కోరలు లేకుండా ఎలా పుట్టాయండీ?" అని అడిగారు. ఒకటి, రెండు, రెండు, మూడు మీటలు నొక్కడం, పంది పడటం, వంగి చూడటం, ఏమీ లేకపోవడం, మళ్లీ ఒకటి, రెండు, రెండు, మూడు. ఓ రాత్రి మీటల మీదే నిద్రపోయారు. లేచి చూస్తే మంత్రగత్తె చచ్చిపడి ఉంది, చుట్టూ పందులు మేస్తున్నాయి.

అత్తగారు "రాత్రేళ ఆ టకటక ఏటమ్మా, ఆపీసు పనా?" అంటే అవునని చెప్పేశారు. భర్త "నచ్చకపోతే మానెయ్, ఎవరు కొడుతున్నారు?" అన్నారు. బ్యాంకులో స్నేహితురాలు "ఇది అడిక్షనే" అని తేల్చేసింది. తమ్ముడేమో మూడు దారులు చూపించాడు: డబ్బు తీసుకుని లెవెల్ పెంచిపెట్టే కుర్రాళ్లున్నారు, వాళ్లకి ఖాతా ఇచ్చెయ్. లేదా మనం పడుకున్నా దానంతటదే ఆడే బాట్ ప్రోగ్రామ్ పెట్టుకో. లేదా మధ్య లెవెళ్లన్నీ ఒక్కసారే దాటించేసే లెవెల్ స్కిప్ అని కంపెనీ వాళ్లే అమ్ముతారు, అది కొనుక్కో. "వాడి మాట వినాలా, మొత్తం మానెయ్యాలా? అసలు ఈ గ్రైండింగ్ (లెవెల్ కోసం చేసిందే మళ్లీ మళ్లీ చెయ్యడం) లేని ఆట ఉంటుందా, లేక అన్నీ ఇంతేనా?" అని అడిగారు. చివర్లో, కొత్త ల్యాప్‌టాప్ కొనాలా అని కూడా.

సమాధానం:

మీవారి ప్రశ్నతో మొదలుపెడతాను. "నచ్చకపోతే మానెయ్" అన్నది సూటి మాటే, కానీ మీకు సరిపోదు. ఆట నచ్చలేదని మీరెక్కడా రాయలేదు. పందుల గురించి రాసినంతసేపూ విసుక్కున్నారు, నిజమే. కానీ మధ్యలో, నేను అడగకుండానే, మీ ప్రశ్నకి సంబంధం లేకుండానే, ఓ లైట్‌హౌసు గురించి అర పేజీ రాసేశారు. ఆటలో ఓ రేవు, పక్కన కొండ, కొండ మీద లైట్‌హౌసు. పైకి మెట్లు లేవు. రాయి మీంచి రాయి మీదకి గెంతుతూ, పడుతూ లేస్తూ ఎక్కారు. పైనుంచి చూస్తే కింద పడవలు, సముద్రం మీద దూరంగా వాన. మన విశాఖ సముద్రం ఒడ్డు కొండ, డాల్ఫిన్స్ నోస్ గుర్తొచ్చిందన్నారు. "నేను పడ్డప్పుడల్లా తమ్ముడు హెడ్‌ఫోన్లో పడీ పడీ నవ్వాడు" అని కూడా రాశారు.

ఆ అర పేజీని నేను మళ్లీ మళ్లీ చదివాను. ఆ కొండ దగ్గర మీ తమ్ముడి 70 ఎందుకూ పనికిరాలేదు, గమనించారా? గెంతడానికి లెవెల్ అక్కర్లేదు. వాడూ పడి ఉంటాడు. మీరిద్దరూ సమానంగా ఆడిన రాత్రి అది. మీ సమస్య లెవెల్ తక్కువ కావడం కాదని నాకప్పుడే అనిపించింది. లెవెల్‌తో పని లేని చోట్లు ఆటలో చాలా ఉన్నాయి. మీరు అవన్నీ వదిలేసి, లెవెల్ తప్ప ఇంకేమీ లెక్కలోకి రాని చోట కూర్చున్నారు.

ఈ రకం ఆటలకి తాత లాంటిది ఇంగ్లండులో ఎసెక్స్ యూనివర్సిటీలో 1978లో పుట్టింది. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరైన రిచర్డ్ బార్టిల్ 1996లో ఓ వ్యాసం రాస్తూ ఆడేవాళ్లని నాలుగు రకాలుగా విడదీశాడు. లెవెళ్లూ బిరుదులూ కూడబెట్టేవాళ్లు, కొత్త చోట్లు వెతికేవాళ్లు, మనుషుల కోసం వచ్చేవాళ్లు, ఎదుటివాణ్ని ఓడించడం కోసం వచ్చేవాళ్లు. మనుషుల్ని నాలుగు డబ్బాల్లో పెట్టడం నాకు పెద్దగా ఇష్టం ఉండదు. కానీ మీ విషయంలో ఇది పనికొస్తుంది. మీరు రెండో రకమూ, మూడో రకమూ. చూడ్డానికీ, తమ్ముడి కోసమూ వచ్చారు. చేస్తున్నది మాత్రం మొదటి రకంవాళ్ల పని. మొదటి రకంవాళ్లకి పందులు విసుగు పుట్టించవు. అరవయ్యో పంది పడ్డాక, లెవెల్ ఎంత పెరిగిందో చూపే గీత ఇంకాస్త నిండితే వాళ్లకి నిజంగానే బాగుంటుంది. అందులో తప్పేం లేదు. బ్యాంకులో రోజంతా అంకెలతో కుస్తీ పట్టి ఇంటికొచ్చాక, బుర్రకి పని చెప్పని మీటలు నొక్కుతూ సేదతీరేవాళ్లు ఉంటారు. మీరు మాత్రం నిద్రపోయారు.

ఇక ఆ పందులకి కోరలెందుకు లేవో చెబుతాను. ఆటలో ఒక కొత్త ప్రాంతం తయారుచెయ్యడానికి కంపెనీకి నెలలు పడుతుంది. ఆడేవాళ్లు దాన్ని రోజుల్లో అవజేస్తారు. నెలనెలా చందా కట్టించుకునే ఆట మధ్యలో ఆ ఖాళీని దేంతోనో నింపాలి. దేంతో నింపుతారంటే మన టైముతో. 20 కోరలకి సుమారు 60 పందులు. ఒక్కోదానికి నడకతో కలిపి అర నిమిషం వేసుకున్నా అరగంట. మీకున్న గంటంబావులో ఆ వైద్యుడికే అరగంట పోయింది. పైగా ఏ పందికి కోర ఉంటుందో ముందు తెలియకపోవడమే అసలు ఎర. ఎన్నిసార్లకి ఫలితం దక్కుతుందో తెలియనప్పుడు ప్రాణి మరింత పట్టుగా మీట నొక్కుతుందని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాల మీద ప్రయోగాలు చేసి చూపించాడు. "ఇంకొక్క పంది చూసి పడుకుంటా" అని మీరు రాసిన మాట ఆ పావురానిదే. మీ బలహీనతేమీ కాదు, ఎవరికైనా అంతే.

"వాణ్ని అందుకుంటే చాలు, తర్వాత సుఖం" అని కూడా రాశారు. ఆ ఆశ వదులుకోండి. మీకు మూడు వారాలకో వారం, రోజుకి గంటంబావు. వాడికి రోజూ సాయంత్రం మొత్తం. ఈ లెక్కన ఎప్పటికీ అందుకోలేరు. పోనీ అందుకున్నారే అనుకోండి, ఆటలో ఆఖరి లెవెల్ అక్కడే ఉండదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటనే తీసుకోండి. 2004లో మొదలైనప్పుడు ఆఖరి లెవెల్ 60. 2007లో 70 చేశారు, 2008లో 80. పెంచుతూ పోయి 2018కి 120 చేశారు. అంకె మరీ పెద్దదైపోయిందని 2020లో మళ్లీ 60కి కుదించారు, తర్వాత మళ్లీ పెంచడం మొదలెట్టారు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అని ఇంకో ఆట ఉంది. అందులో ఒక విద్యలో 99వ లెవెల్‌కి చేరాలంటే కోటీ 30 లక్షల 34 వేల 431 పాయింట్లు కావాలి. 92 దగ్గరికి వచ్చినవాడు ఇంకేముంది అయిపోయిందనుకుంటాడు. పాయింట్ల లెక్కన చూస్తే వాడు సరిగ్గా సగంలో ఉన్నాడు. ఆ చివరి ఏడు మెట్లూ ముందు ఎక్కిన 92తో సమానం. ఇలాంటి అంకెల వెంటబడి తమ్ముణ్ని చేరాలనుకోవడం దండగ.

గిరి ప్రదక్షిణ మీకు తెలియనిది కాదు. సింహాచలం చుట్టూ 32 కిలోమీటర్లు, ఆషాఢ పౌర్ణమికి వానలో తడుస్తూ, చెప్పుల్లేకుండా. పక్కన మనవాళ్లుంటే కబుర్లలో తెల్లారిపోతుంది. అదే దూరం జిమ్ములో యంత్రం మీద ఒక్కరే నడవమంటే మూడో కిలోమీటరుకే దిగిపోతాం. పందుల్ని కూడా తమ్ముడితో కలిసి చంపి ఉంటే మీరు నాకీ ఉత్తరం రాసేవారే కాదేమో.

సరే, దారుల సంగతి. నాకు బాగా నచ్చినది ముందు చెబుతాను. తమ్ముణ్ని కొత్త పాత్ర ఒకటి చేసుకోమనండి. ఆడేవాళ్లు ఆల్ట్ అంటారు, వాడికి తెలుసు. లెవెల్ ఒకటి నుంచి, మీ కోసం. మీరూ కావాలంటే కొత్తది చేసుకోండి. షరతు ఒక్కటే: ఆ రెండు పాత్రలూ ఇద్దరూ ఉన్నప్పుడే కదలాలి. మీరు లేనప్పుడు వాడు దాన్ని ముట్టుకుంటే వారం తిరిగేసరికి మళ్లీ 40 లెవెళ్ల తేడా వస్తుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు. చిక్కల్లా, వాడు ఆ కథంతా ఒకసారి చూసేశాడు. "అక్కా ఇది నొక్కెయ్, అది దాటెయ్" అని తొందరపెడతాడు. మీరు ప్రతి ఊళ్లోనూ ప్రతి ముసలాయన మాటా చదివే రకం. మొదటి రోజే చెప్పెయ్యండి, నేను చదువుతాను, నువ్వు ఆగు అని. అక్కగా ఆ మాత్రం హక్కు మీకుంది.

వాడికి ఆ పాత ఊళ్లన్నీ మళ్లీ తిరిగే ఓపిక లేదంటే, ఆటే మార్చొచ్చు. "అన్నీ ఇంతేనా" అని అడిగారు కదా, కాదు. గిల్డ్ వార్స్ 2 అని 2012లో వచ్చిన ఆట ఉంది. ఆఖరి లెవెల్ 80. ఆనాటి నుంచి ఈనాటి దాకా అదే, పెంచలేదు. నెల చందా లేదు, మొదటి భాగం ఉచితంగానే ఆడొచ్చు. 80లో ఉన్నవాడు 23 లెవెల్ ప్రాంతానికి వస్తే ఆటే వాడి బలాన్ని ఆ చోటుకి తగ్గట్టు దించేస్తుంది. కాబట్టి ఇప్పుడున్నంత తేడా మీ ఇద్దరి మధ్యా ఉండదు. మీకు మరీ నచ్చేది ఇంకోటుంది. కొత్త చోటు కనిపెట్టినా, ఎత్తయిన చోటు ఎక్కి చుట్టూ చూసినా, మూలికలు కోసినా, వంట చేసినా లెవెల్‌కి పాయింట్లు వస్తాయి. అందులో లైట్‌హౌసు ఎక్కడం కూడా పనికింద లెక్కే. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో కూడా 2016 నుంచి లెవెల్ తేడాలు దాదాపు అడ్డు కావు. ఎవరు ఎక్కడికైనా వెళ్లొచ్చు, కొత్తవాళ్లూ పాతవాళ్లూ కలిసి కొట్టొచ్చు. ఫైనల్ ఫాంటసీ 14లో పెద్ద లెవెల్ వాళ్లు చిన్న లెవెల్ గుహలోకి వస్తే వాళ్ల లెవెల్ దానంతటదే తగ్గుతుంది. ప్రధాన కథని మాత్రం పట్టుకుని వెళ్లినా ఒక వృత్తిలో (వైద్యం, కత్తియుద్ధం లాంటిది) లెవెల్‌కి సరిపడా పాయింట్లు వచ్చేస్తాయి, విడిగా పందుల జోలికి వెళ్లక్కర్లేదు. 70 లెవెల్ దాకా ఉచితంగా ఆడనిస్తారు, గడువు లేదు. ఆ ఆట పెద్దాయన నవోకి యోషిదా అయితే, చేసేదేమీ లేకపోతే చందా ఆపి వేరే ఆటలు ఆడుకోండి, కొత్తది వచ్చినప్పుడు రండి అని బహిరంగంగానే చెప్పాడు. ఆ వ్యాపారంలో అలా మాట్లాడేవాళ్లు అరుదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోనూ 2019 నుంచి పార్టీ సింక్ అనే సదుపాయం ఉంది, స్నేహితుడి లెవెల్‌కి మనం దిగి కలిసి ఆడొచ్చు. మీరు ఆడే ఆట పేరు రాయలేదు. అందులోనూ ఇలాంటి మీట ఏదో మూల ఉందేమో ముందు తమ్ముణ్ని వెతకమనండి. ఉంటే సగం గొడవ ఈ వారమే తీరిపోతుంది.

ఆట మారిస్తే నష్టమెవరికి? మీ తమ్ముడికి. వాడి జట్టు, రోజూ మాట్లాడే నలుగురు స్నేహితులూ పాత ఆటలోనే ఉంటారు. పూర్తిగా మానుకుని రమ్మనకండి. వారానికి రెండు సాయంత్రాలు చాలు.

కొత్త ఆటలోకి వెళితే ఒక జాగ్రత్త. గిల్డ్ వార్స్ 2లో ప్రతి పటం మీదా ఎంత శాతం చూశారో అంకె పడుతుంది. 64 శాతం అని కనపడగానే నూరు చెయ్యాలనిపిస్తుంది, ఇక కొండ కొండలా కనపడదు. 1973లో అమెరికాలో బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లలతో ఓ ప్రయోగం చేశారు. కొందరికి గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ల తర్వాత, బహుమతి లేనప్పుడు, ఆ పిల్లలే మిగతావాళ్లకంటే తక్కువ గీశారు. ఇష్టంతో చేసేదానికి కూలి కడితే అది కూలిపనే అవుతుంది. శాతాల వైపు చూడకండి.

ఉన్న ఆటలోనే ఉండి, 23 దగ్గరే హాయిగా తిరుగుతానన్నా నాకు అభ్యంతరం లేదు. చేపలు పట్టండి, ఇల్లు కట్టుకునే వీలుంటే కట్టుకోండి. మీలా అప్పుడప్పుడూ ఆడేవాళ్లకి పనికొచ్చే చిన్న కిటుకు ఒకటుంది. ఇలాంటి చాలా ఆటల్లో మనం లేనప్పుడు విశ్రాంతి పాయింట్లు పోగవుతాయి. దీని వెనక తమాషా కథ ఉంది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పరీక్షల దశలో, ఎక్కువసేపు ఆడితే వచ్చే పాయింట్లు సగానికి పడిపోయేలా పెట్టారు. ఆడేవాళ్లు గోల చేశారు. అప్పుడు అంకెలు అలాగే ఉంచి పేర్లు మార్చారు: ఆ సగాన్ని మామూలు అన్నారు, మొదట వచ్చేదాన్ని విశ్రాంతి తీసుకున్నందుకు రెట్టింపు బహుమానం అన్నారు. అందరూ సంతోషించారు. (బ్యాంకు మనిషి మీరు, ఇలాంటి లెక్కలు మీకు కొత్త కాదు.) ఆట ఆపేముందు మంత్రగత్తెని పొలంలో వదిలెయ్యకుండా సత్రంలోకో పట్టణంలోకో తీసుకెళ్లి ఆపండి. రెండు వారాలు మీరు రాకపోయినా వచ్చేసరికి రెట్టింపు పాయింట్లు కాచుకుని ఉంటాయి.

ఇక తమ్ముడు చెప్పిన మూడూ. ఖాతా వేరేవాళ్లకి ఇవ్వడం గురించి సాగదీయను. పాస్‌వర్డ్ పరాయి కుర్రాడి చేతిలో పెట్టొద్దని రోజూ కౌంటర్లో జనానికి చెప్పేది మీరే. ఆట ఖాతాకి మీ మెయిలూ, ఒక్కోసారి కార్డూ తగిలించి ఉంటాయి. దొంగిలిస్తే అడిగే దిక్కుండదు, ఎందుకంటే ఇచ్చింది మీరే, నిబంధన తప్పిందీ మీరే. బాట్ కూడా అంతే. పట్టుబడితే ఖాతా మూసేస్తారు, చాలా ఆటల్లో ఇది శాశ్వతం. పట్టుబడకపోయినా, మీ గంటంబావులో మీరు పడుకుంటే యంత్రం పందుల్ని చంపుతూ ఉంటుందన్నమాట. ఫోన్లో వచ్చే కొన్ని ఆటల్లో కంపెనీవాళ్లే ఆటో అని మీట పెడుతున్నారు. నొక్కితే ఆట దానంతటదే ఆడుకుంటుంది. ఆ మీట చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఈ భాగం ఆడదగింది కాదని తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నట్టు కదా.

కంపెనీ అమ్మే లెవెల్ స్కిప్ వేరు. అది చట్టబద్ధం, ఖాతాకి భయం లేదు. కొనొద్దని అనను. కొంటే ఏమవుతుందో చెబుతాను. మొదటి రాత్రి సంబరంగా ఉంటుంది. తమ్ముడి పక్కన నిలబడతారు. కింద చూస్తే ఇప్పుడు మీరు నొక్కే మూడు మీటలకి బదులు పాతిక దాకా ఉంటాయి, ఏది ఎప్పుడు నొక్కాలో తెలియదు. జట్టులో మీరు వైద్యురాలు. మీరు తడబడితే చచ్చేది మిగతావాళ్లు. తమ్ముడు ఏమీ అనడు, వాడి స్నేహితులు అంటారు. ఆ పైన పందులు ఉండవు గానీ, రోజూ తప్పకుండా చెయ్యాల్సిన డైలీలుంటాయి, వారం వారం ఆయుధాల కోసం తిరగడం ఉంటుంది. అదీ గ్రైండింగే, ఇంకా ఖరీదైనది. మధ్యలో ఉన్న 47 లెవెళ్ల ఊళ్లూ కొండలూ మాత్రం చూడకుండానే పోతాయి. మీ రకం మనిషికి అది పెద్ద నష్టం. ఇవన్నీ తెలిసీ కొనాలనిపిస్తే, రెండు వారాలు వాడూ మీరూ ఇద్దరే సాధన చేశాకే జట్టులోకి వెళ్లండి.

స్నేహితురాలి అడిక్షన్ మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఆటల వ్యసనం నిజంగానే ఉంది, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆపుకోలేకపోవడం, తిండీ పనీ మనుషులూ అన్నిటికంటే ఆటే ముందుకి రావడం, చెడుపు జరుగుతోందని తెలిసీ కొనసాగించడం, ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు కనపడితే డాక్టర్లు ఆ పేరు పెడతారు. మూడు వారాలకో వారం గంటంబావు ఆడి, అందులోనూ నిద్రపోయే మనిషికి ఆ పేరు అతకదు.

కానీ ఉత్తరంలో ఒక వాక్యం మీరు దారిన పోతూ రాసి వదిలేశారు. "వాడు ఆఫీసు నుంచి వచ్చాక పడుకునేదాకా అందులోనే ఉంటాడు, శనాదివారాలు ఇక చెప్పక్కర్లేదు, అందుకే వాడికంత లెవెల్." ఇది లెవెల్ గురించి మీరిచ్చిన వివరణ. నేను దాన్ని వాడి సాయంత్రాల గురించిన వార్తగా చదివాను. కొత్త దేశం, నాలుగున్నరకే చీకటిపడే చలికాలం, ఇంట్లో ఒక్కడూ. జబ్బని అనడం లేదు. వాడికి అందులో మంచి స్నేహితులు ఉండొచ్చు, హాయిగా ఉండొచ్చు. మీకు తెలియదు, నాకంతకన్నా తెలియదు. ఒకటి మాత్రం తోస్తోంది. అక్కని ఆటలోకి పిలిచినవాడికి, అక్క లెవెల్ త్వరగా పెరగాలన్న ఆత్రం ఎందుకుంది? ఖాతా అద్దెకిద్దామా, బాట్ పెడదామా అని మూడు దారులు ఎందుకు వెతికాడు? వాడికి పక్కన మనిషి కావాలి. మీరు "వాడి స్థాయికి నేను చేరలేకపోతున్నా" అని బాధపడుతుంటే, వాడు "అక్క ఎప్పుడొస్తుంది" అని ఎదురుచూస్తున్నాడేమో.

అడగండి. వీడియో కాల్లో కాదు, అక్కడ మళ్లీ "తిన్నావా, తిన్నా" అవుతుంది. ఆటలో, నడుస్తున్నప్పుడు, కళ్లు తెర మీద, చేతులు మీటల మీద ఉన్నప్పుడు మగపిల్లలు మాట్లాడతారు. "ఒరేయ్, శనివారం ఏం చేశావురా, బయటికి వెళ్లావా?" చాలు. జవాబు బాగుంటే మంచిదే. నిద్ర పట్టట్లేదనో, ఆఫీసుకి వెళ్లబుద్ధి కావట్లేదనో అంటే, ఆట మానమని మీద పడకండి. ఉన్న ఒక్క తోడునీ తీసేసినట్టవుతుంది. అక్కడి డాక్టరుకి చూపించుకోమని మెల్లగా చెప్పండి, మధ్యమధ్య ఎలా ఉన్నాడో కనుక్కుంటూ ఉండండి.

రెండు చిన్న సంగతులు. అక్కడ వేసవిలో మీ పదింబావు అంటే వాడికి సాయంత్రం ఐదూముప్పావు. అక్టోబరు ఆఖరి ఆదివారం ఐర్లాండులో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పట్నుంచి వాడికి నాలుగూముప్పావు, ఇంకా ఆఫీసులోనే ఉంటాడు. చలికాలానికి శనివారం రాత్రి ఒకటి, అది ఏ షిఫ్టు వారమైనా సరే, మీవారితో చెప్పి ఇప్పుడే కేటాయించుకోండి. ఇక యూరప్ సర్వర్ మీద ఆడుతున్నారు కాబట్టి మీటకీ దెబ్బకీ మధ్య కాస్త ఆలస్యం తప్పదు. వైఫై బదులు వైరు పెట్టుకుంటే కొంత నయం. కొత్త ఆటలో దూరం నుంచి కొట్టే పాత్రో, గాయాలు మాన్పే పాత్రో తీసుకోండి, కత్తి పట్టుకుని మీద పడే పాత్ర వద్దు.

అత్తగారికి ఆఫీసు పనని చెప్పారు. అది సరిదిద్దడం ఏమంత కష్టం కాదు. ఓ శనివారం రాత్రి ఇయర్‌ఫోన్ తీసేసి స్పీకర్లో పెట్టండి. తమ్ముడు "అత్తయ్యా, బాగున్నారా?" అంటాడు కదా. కొండ, సముద్రం, పడవలు చూపించండి. మంత్రగత్తె మీరేనని చెబితే ఏమంటారో మాత్రం నేను పూచీ పడను.

ల్యాప్‌టాప్ ఇప్పుడు కొనకండి. ఏ ఆటలో స్థిరపడతారో ముందు తేలాలి. నేను చెప్పినవాటిలో గిల్డ్ వార్స్ 2 పాతకాలపుది, బొమ్మ నాణ్యత తగ్గించుకుంటే మామూలు ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. వేడెక్కి ఆగిపోతోందన్నారు. గాజువాక దుమ్ముకి లోపలి ఫ్యాను పూడుకుపోయి ఉంటుంది, రిపేరు షాపులో ఇచ్చి దులిపించండి. పాప పక్కన పరుపు మీద పెట్టుకుని ఆడుతున్నట్టున్నారు, పరుపు మీద కిందనుంచి గాలి ఆడదు. ఓ పీట వేసి దాని మీద పెట్టుకోండి.